పదకొండు మెట్లు

మధ్యాహ్నం రెండింటి క్లాసు.
కుతాయిసిలో ఆ వేళకి
రియోని నది కూడా ఆవులిస్తుంది.
ప్రొజెక్టరు మూడు వారాలుగా మూగది.
ముప్పై రెండు మంది,
బెంచీల కింద ముప్పై రెండు వెలుగులు.
గడ్డాల మీద పడే నీలాన్ని బట్టి
ఎవరు ఏ లోకంలో ఉన్నారో చెప్పొచ్చు.

"జ్ఞాపకం మూడు విధాలు" అని
నేనే రాసిన వాక్యం
బోర్డు మీద నుంచి నన్ను చూసి జాలిపడింది.
తుడిచేశాను.
సుద్ద చేతిని కోటుకి రాసుకుని అడిగాను:
"మీరు పుట్టిన రోజు ఏం జరిగిందో చెప్పండి.
ఒక్కటే షరతు.
కళ్లారా చూడనిదానికి తోక తగిలించాలి."

మా భాషలో ఆ తోక ముందు నడుస్తుంది: తుర్మే.
చూడలేదు, విన్నాను, నా పూచీ లేదు అని
మాట కంటే ముందే చేతులు దులిపేసుకునే మాట.
మీరైతే చివర్న చిన్న 'ట' అతికిస్తారు.
పని ఒకటే.

తామ్తా లేచింది.
ఆ రాత్రి కరెంటు లేదట.
కొవ్వొత్తి పట్టుకున్న నర్సు తుమ్మిందట.
చీకట్లో ఏడుపు వినపడ్డాక గానీ
తను పుట్టిందని ఎవరికీ తెలియలేదట.
ఒక ఫోను బల్ల మీద బోర్లా పడుకుంది.

బాచో వాళ్ల నాన్న సంతోషం పట్టలేక
పొరుగాయన ఆవుకి బిడ్డ పేరు చెప్పాడట.
ఆవు తలూపిందట.
"ఎవరు చూశారు?" అన్నారెవరో వెనక నుంచి.
"ఆవు" అన్నాడు.
ఇంకో నాలుగు ఫోన్లు బోర్లా.

చివరి వరసలో గోచా.
త్స్కాల్తుబో నుంచి మినీబస్సులో వస్తాడు.
పాతకాలపు స్నానాల హోటల్లో, నాలుగో అంతస్తులో ఇల్లు.
ఇల్లంటే ఒక గది, ఒక బాల్కనీ,
ఆ బాల్కనీలో పొయ్యి.
సెప్టెంబరు నుంచీ వాడి గొంతు వినలేదు నేను.
హాజరుకి కూడా చెయ్యే ఎత్తుతాడు.

లేచాడు.
"మా ఇల్లు సుఖుమిలో ఉంది.
గేటు నుంచి గుమ్మానికి పదకొండు మెట్లు.
ఏడోది విరిగింది, ఎడమ పక్కన అడుగేయాలి.
వానకి ఉబ్బిన వంటింటి తలుపు
మోకాలితో తోస్తే గానీ రాదు.
నాయనమ్మ మోకాలితోనే తోస్తుంది.
లోపల కమలాపండ్ల తొక్కలు ఎండుతుంటాయి,
పొయ్యి మీద, దారానికి గుచ్చి."

వాడు పుట్టేసరికి
వాళ్లు ఆ ఇల్లు వదిలి పదేళ్లు దాటింది.
ఇప్పుడందులో ఎవరున్నారో.
నాయనమ్మ మాత్రం త్స్కాల్తుబో మట్టిలో ఉంది.
అంత చెప్పాడు, ఒక్క తుర్మే లేదు.

ముందు వరసలో మాక్వాలా చెయ్యెత్తింది,
తప్పు దొరికిన ఉత్సాహం వేళ్ల చివర్లలో.
వెనక్కి తిరిగి గోచా మొహం చూసి
ఆ చేత్తోనే జుట్టు సర్దుకుంది.

నేను పంతులమ్మని. సంచిలో ఎర్ర పెన్నుంది.
ఇలాంటి జ్ఞాపకానికి ఒక పేరుంది,
నిర్వచనం ఉంది, పరీక్షలో ఐదు మార్కులున్నాయి.
అదంతా నాలుక చివరి దాకా వచ్చింది.
"ఏడో మెట్టు," అన్నాను,
"కుడి పక్కన అన్నావా, ఎడమా?"
"ఎడమ."
ఆలోచించలేదు వాడు.
బెంచీ కింద, సిమెంటు నేల మీద
ఎడమ పాదం కొంచెం జరిగింది.

గంట మోగింది.
రేడియేటరు రెండుసార్లు టక్కుమంది.
బోర్లా పడుకున్న ఫోన్లలో ఒకటి వణికి, వణికి,
దానంతటదే ఊరుకుంది.

సాయంత్రం రిజిస్టరులో
'నేడు బోధించినది' అనే గడి దగ్గర చాలాసేపు ఆగాను.
చివరికి
"జ్ఞాపకం మూడు విధాలు" అనే రాశాను.

ఇంటికొచ్చి మా మెట్లు లెక్కపెట్టాను,
ఇరవై ఏళ్లుగా ఎక్కుతున్నవే.
మధ్యలో తాళాల కోసం సంచి వెతికాను,
లెక్క తప్పింది.
కిందికి దిగే ఓపిక లేక
పక్కింటి త్సియాలా తలుపు తట్టి అడిగాను.

పద్నాలుగట.